కింద గ్రేడు ప్రొస్టేట్ క్యాన్సర్: పాకుతుందా? ఊరుకోవచ్చా?



ఈసారి కొబ్బరి రేటు గురించో కాలవ నీళ్ళ గురించో కాదు, ఒంటి గురించి రాస్తున్నాను. పోస్టు కాస్త పెద్దది. యాభై దాటిన మగవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళూ తీరిక చేసుకుని చివరిదాకా చదవమని మనవి.

నాకు ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందన్న సంగతి మన చుట్టుపక్కల చాలామందికి ఈపాటికే తెలిసింది. పద్నాలుగు నెలలైంది. ఇప్పటిదాకా ఆపరేషన్ చేయించుకోలేదు, కరెంటు పెట్టించుకోలేదు, దానికోసం ఒక్క మాత్ర కూడా వెయ్యలేదు. అందుకని రకరకాలుగా అనుకుంటున్నారు. డబ్బుల్లేక మానేశాడని కొందరు, నాటుమందు వాడుతున్నాడని కొందరు, ఇంక లాభం లేదని డాక్టర్లే ఇంటికి పంపేశారని ఇంకొందరు. మూడూ కాదండి.

నన్ను కలిసినవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే, అటు తిప్పీ ఇటు తిప్పీ. పాకేదైతే తీయించకుండా ఎందుకు కూర్చున్నావు? పాకనిదైతే ఆర్నెల్లకోసారి రావులపాలెం మీదుగా రాజమండ్రి ఎందుకు పరిగెడుతున్నావు? ప్రశ్న న్యాయమైనదే. డాక్టరుగారు నాకు చెప్పిందీ, తర్వాత మా అబ్బాయి ఇంగ్లీషులో చదివి నాకు విడమర్చిందీ కలిపి, నాకు అర్థమైనంత మేర జవాబు రాస్తాను.

ముందు ఆ గ్రంథి సంగతి. ప్రొస్టేట్ అనేది మగవాళ్ళకే ఉంటుంది. మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. ఒంటేలు వచ్చే గొట్టం దాని మధ్యలోంచి వెళ్తుంది. వయసు మీద పడేకొద్దీ చాలామందికి అది ఉబ్బుతుంది. గొట్టం నొక్కుకుపోయి రాత్రుళ్ళు మూడుసార్లు, నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు. క్యాన్సర్ వేరే. మొదట్లో క్యాన్సర్ ఉన్నా చాలామందికి ఏ బాధా ఉండదు. నాకు కూడా రాత్రుళ్ళు లేవడం ఆ ఉబ్బు వల్లే. దానికోసం వెళ్తే అమలాపురంలో రక్తపరీక్ష రాశారు, పీఎస్‌ఏ అని. 6.8 వచ్చింది.

పీఎస్‌ఏ ఎక్కువ రాగానే క్యాన్సర్ అని కంగారు పడక్కర్లేదు. ఆ గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, చీము పట్టినా పెరుగుతుంది, ఒంటేలు గొట్టం వేసినా పెరుగుతుంది. అందుకని మళ్ళీ చేయించారు, తర్వాత ఎమ్మారై తీశారు, ఆ తర్వాత ముక్క పరీక్ష. సూదితో 12 చోట్ల నుంచి సన్నటి ముక్కలు తీశారు. పదింట్లో ఏమీ లేదు. రెండింట్లో క్యాన్సర్ ఉంది. కాగితం మీద "గ్లీసన్ 3+3=6, గ్రేడు గ్రూపు 1" అని రాశారు.

ఆ ఆరు చూసి మా ఇంట్లో ఏడుపులు. పదికి ఆరంటే సగం దాటిపోయిందనే కదా ఎవరైనా అనుకునేది. అసలు లెక్క అది కాదట. డొనాల్డ్ గ్లీసన్ అని అమెరికా డాక్టరు 1966లో ఈ పద్ధతి పెట్టారు. మైక్రోస్కోపు కింద కణాలు ఎలా అమరి ఉన్నాయో చూసి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. ఎక్కువగా కనపడ్డ రకానికి ఒకటి, రెండోదానికి ఒకటి, రెండూ కూడతారు. ఇప్పుడు ముక్క పరీక్షలో 1, 2 అన్న మార్కులు వెయ్యడమే మానేశారు. అంటే 3+3=6 అన్నదే అన్నిటికంటే కింద మెట్టు. జనం ఇలా బెంబేలెత్తుతున్నారనే 2014లో ప్రపంచంలోని నిపుణులు కూర్చుని 1 నుంచి 5 దాకా గ్రేడు గ్రూపులు అని కొత్త లెక్క ఒప్పుకున్నారు. పాత ఆరు, కొత్త లెక్కలో ఒకటి. మీ కాగితం మీద ఆరు కనపడితే పక్కన గ్రేడు గ్రూపు ఎంత రాశారో చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఆరు పాకుతుందా?

అమెరికాలో గ్రంథి మొత్తం తీసేసి, పూర్తిగా పరీక్ష చేసి, ఆరు లేదా అంతకంటే తక్కువ అని రాసిన 14,000 మందికి పైగా రిపోర్టులు తిరగేశారు. 2012లో అచ్చయింది. వాళ్ళలో 22 మందికి మాత్రం పక్కనున్న గడ్డలకి, అంటే లింఫ్ గ్రంథులకి పాకినట్టు రాసి ఉంది. దొరికిన పలకలన్నీ తెచ్చి మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, అవేవీ నికరంగా ఆరు కావు, అన్నిట్లోనూ పై గ్రేడు కలిసి ఉంది. అంటే అచ్చంగా ఆరు మాత్రమే అయితే అది పాకడమన్నది దాదాపు లేనట్టే. 2022లో కొంతమంది పెద్ద డాక్టర్లు అసలు దీన్ని క్యాన్సర్ అని పిలవడమే మానేద్దాం అని రాశారు కూడా. ఆ పేరు వినే జనం అక్కర్లేని ఆపరేషన్లకి పరిగెడుతున్నారని వాళ్ళ బాధ. వద్దు, పేరు తీసేస్తే మళ్ళీ పరీక్షలకి ఎవడూ రాడు అని మిగతావాళ్ళ వాదన. ఆ తగువు ఇంకా తేలలేదు.

మరి పాకనిదైతే ఈ తిరుగుడు ఎందుకు? "అచ్చంగా ఆరు మాత్రమే అయితే" అన్నానే, అక్కడే ఉంది మెలిక.

మనం మట్టి పరీక్షకి మట్టి ఎలా తీస్తాం? ఎకరంలో ఎనిమిది పది చోట్ల తవ్వి, కలిపి, అరకిలో పట్టుకెళ్తాం. రిపోర్టు బాగుందని వస్తుంది. కానీ మనం తవ్విన రెండు చోట్ల మధ్య చౌడు పట్టిన మూల ఉంటే ఆ కాగితానికి తెలియదు. ముక్క పరీక్ష కూడా అంతే. 12 సూదులూ గ్రంథి మొత్తాన్ని చూడవు. ఆరు అని వచ్చినవాళ్ళలో కొందరికి ఏడో ఎనిమిదో పక్కనే దాక్కుని ఉంటుంది. ఎమ్మారై వచ్చాక అది కొంత తగ్గింది గాని పూర్తిగా పోలేదు. రెండోది, ఏళ్ళు గడిచేకొద్దీ అదే గ్రంథిలో పై గ్రేడుది కొత్తగా పుట్టొచ్చు. ఈ రెండింటి కోసమే కాపలా.

మన తోట భాషలో చెబుతాను. 2016లో పొల్లాచ్చి వైపు కనపడి తర్వాత మన తోటల్లో పడ్డ తెల్లదోమ గుర్తుంది కదా. ఆకులన్నీ నల్లటి మసి. చూస్తే చెట్టు చచ్చిపోయిందనే అనిపిస్తుంది. చాలామంది కనపడ్డ మందల్లా కొట్టారు. ఆ మందులకి మేలు చేసే పురుగులు పోయాయి, డబ్బు పోయింది, దోమ పోలేదు. తెల్లదోమ కాపు తగ్గిస్తుంది గాని చెట్టుని చంపదు. అదే ఎర్రముక్కు పురుగు చూడండి. బయటికి ఏమీ కనపడదు. మొవ్వు వాలే సరికి లోపల మానంతా డొల్ల. తెల్లదోమ ఎర్రముక్కు పురుగుగా మారదు. కానీ తెల్లదోమ ఉన్న చెట్టులోనే ముక్కు పురుగు కూడా ఉండొచ్చు. అందుకని దోమని చూసి చెట్టు నరికెయ్యం. అలాగని దోమే కదా అని ఆ చెట్టు వంక చూడకుండానూ ఉండం. మానుకి చెవి పెట్టి వింటాం, కన్నాలున్నాయేమో, గోధుమరంగు రసం కారుతోందేమో చూస్తాం. నా పరిస్థితి ప్రస్తుతం అదే.

ఇది మన దేశంలో కొత్తగా వినపడుతోంది గాని కొన్ని చోట్ల ఎప్పట్నుంచో చేస్తున్నారు. కెనడాలో టొరంటోలో 1995 నుంచీ ఇలా కనిపెట్టి ఉంచిన 993 మంది లెక్క 2015లో అచ్చువేశారు. అప్పటికి ఈ క్యాన్సర్ వల్ల పోయినవాళ్ళు 15 మంది. పదేళ్ళ తర్వాత కూడా నూటికి 63 మంది ఏ వైద్యమూ లేకుండా ఉన్నారు.

ఇంకో పెద్ద పరీక్ష ఇంగ్లండులో జరిగింది, ప్రొటెక్ట్ అని. 1999 నుంచి 2009 దాకా 50 నుంచి 69 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 82,429 మందికి పీఎస్‌ఏ చేశారు. క్యాన్సర్ బయటపడి, ఒప్పుకున్న 1,643 మందిని చీటీలు తీసినట్టు మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆపరేషన్, ఒక భాగానికి కరెంటు, ఒక భాగానికి కనిపెట్టి ఉండటం. పదిహేనేళ్ళ లెక్క 2023 మార్చిలో వచ్చింది. క్యాన్సర్ వల్ల పోయినవాళ్ళు కాపలా భాగంలో 17 మంది, ఆపరేషన్ భాగంలో 12 మంది, కరెంటు భాగంలో 16 మంది. ఎటు చూసినా నూటికి ముగ్గురు, ఆ చుట్టుపక్కలే. చావు దగ్గర చెప్పుకోదగ్గ తేడా లేదు.

కానీ నిజం దాచకూడదు. ఒంట్లో వేరే చోటికి పాకడం దగ్గర తేడా ఉంది. కాపలా భాగంలో 51 మందికి పాకింది, అంటే నూటికి తొమ్మిది. మిగతా రెండు భాగాల్లో 26, 27 మందికి, నూటికి అయిదు. కాపలాతో మొదలుపెట్టినవాళ్ళలో సగం మందికి పైగా మధ్యలో ఎప్పుడో అప్పుడు వైద్యం చేయించుకున్నారు. పదిహేనేళ్ళకి కూడా ఏ వైద్యమూ లేకుండా బతికి ఉన్నవాళ్ళు 133 మంది, నాలుగో వంతు.

మా అబ్బాయి ఈ లెక్క చదివి వినిపిస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఒక్కటే మాట అడిగింది. "ఆ తొమ్మిది మందిలో మీరుంటేనో?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాతసారి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి డాక్టరుగారినే అడగమన్నాను. ఆయన విసుక్కోలేదండి. "అమ్మా, ఆ పరీక్షలో అందరూ మీవారిలా ఆరు గ్రేడు వాళ్ళు కాదు, నాలుగో వంతుకి దగ్గర దగ్గరగా పై గ్రేడు వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఎమ్మారై లేదు, ఎక్కువగా పీఎస్‌ఏ చూసే కాపలా కాశారు. మనం ఎమ్మారై చూస్తున్నాం, ముక్క మళ్ళీ తీస్తాం. కాబట్టి మీవారికి ఆ తొమ్మిది కంటే తక్కువే ఉంటుందని నా నమ్మకం. సున్నా అని మాత్రం నేను చెప్పను" అన్నారు. మా ఆవిడకి ధైర్యం వచ్చిందని చెప్పను గాని, సున్నా అనకపోవడం వల్లే ఆయన మాట నమ్మింది.

ఆపరేషన్ చేయించుకుంటే పోయేదేముంది అంటారు. ఉందండి. అదే ఇంగ్లండు పరీక్షలో ఆపరేషన్ అయిన ఆర్నెల్లకి నూటికి 46 మంది ఒంటేలు ఆగక లోపల గుడ్డ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆరేళ్ళకి కూడా నూటికి 17 మంది అలాగే ఉన్నారు. కాపలా భాగంలో ఆ సంఖ్య 8. మొగుడూ పెళ్ళాల విషయంలో కూడా ఇబ్బంది వస్తుంది, అది అందరూ మొహమాటపడి చెప్పరు, నేను రాసేస్తున్నాను. అవసరమైతే ప్రాణం కోసం ఇవన్నీ భరించాలి. అవసరం లేకుండా భరించడం వేరు. పొద్దున్న లేస్తే బురదలో దిగి, గోచీ బిగించి, దింపు రోజున కాయలు మోసే మనిషికి అది చిన్న సంగతి కాదు.

మా అబ్బాయిది వేరే వాదన. హైదరాబాదులో రోబో ఆపరేషన్ చేయిద్దాం, కాలవ గట్టున ఉన్న ఎనభై సెంట్లూ అమ్మేద్దాం అని. వాడి కంగారు వాడిది, తప్పుపట్టను. నాన్న పోతే చెక్క ఎందుకు అంటాడు. చివరికి ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ముక్క పరీక్షలో నాలుగు అన్న అంకె గట్టిగా కనపడినా, ఎమ్మారైలో మచ్చ పెద్దదైనా, డాక్టరుగారు ఇంక ఆగకూడదు అన్నా, ఆ రోజు నేను ఎదురు మాట్లాడకూడదు. ఎనభై సెంట్లూ అమ్మాల్సి వస్తే అమ్మేస్తాం. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది, క్యాన్సర్ ఆపరేషన్లూ కరెంటూ దాని కింద ఉన్నాయి కాబట్టి ముందు ఆ దారి చూస్తాం. అంతవరకు వాళ్ళు నన్ను ఆపరేషన్ అని సతాయించకూడదు. అమ్మకం దస్తావేజు ఇప్పటికే తీసి బీరువా పై అరలో పెట్టాం. భూమి మీద మమకారంతో నేను కాలయాపన చేస్తున్నానని రేపు ఎవరూ అనకూడదు.

ఇంక ఊరుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. రాజోలు వైపు మా చుట్టం ఒకాయన ఉన్నారు. నాకు వరసకి బావ. రాయమని ఆయనే అన్నారు. ఆయనకీ మొదట ఆరే. ఆయనకీ కనిపెట్టి ఉండమనే చెప్పారు. ఒంట్లో ఏ బాధా లేదు కదా అని మొదటి ఏడాది తర్వాత వెళ్ళడం మానేశారు. ఎవరో ఇచ్చిన పొడి వాడుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత నడుం నొప్పి. పొలంలో పట్టేసిందనుకుని తైలాలు రాశారు. చివరికి తీసిన స్కానింగులో ఎముకల్లో ఉంది. ఇప్పుడు మూడు నెలలకోసారి హార్మోను ఇంజక్షను. మనిషి నెమ్మదిగానే ఉన్నారు, కొబ్బరి ఒలుపు దగ్గర కూర్చుంటున్నారు, కానీ ఇంక పూర్తిగా పోయే దశ దాటిపోయింది. మొదటిసారే పై గ్రేడు దాక్కుని ఉందో, తర్వాత పుట్టిందో ఎవరూ చెప్పలేరు. రెండో ముక్క పరీక్షకి వెళ్ళి ఉంటే బహుశా అప్పుడే దొరికేది.

అమెరికా మాజీ అధ్యక్షుడు బైడెన్ సంగతి 2025 మేలో పేపర్లో చూసే ఉంటారు. ఆయనది గ్లీసన్ 9, ఎముకలకి పాకాక బయటపడింది. నాదీ ప్రొస్టేట్ క్యాన్సరే, ఆయనదీ ప్రొస్టేట్ క్యాన్సరే. పేరు ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు. అందుకని ఎవరికైనా ఈ జబ్బు అని వినగానే అయ్యో అనకండి, పర్లేదులే అని కూడా అనకండి. గ్రేడెంత అని అడగండి.

నాకు ఇప్పుడు జరుగుతున్న కాపలా ఇది. మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మీ డాక్టరు మీ వయసునీ ఒంటినీ బట్టి వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

1. ఆర్నెల్లకోసారి పీఎస్‌ఏ. ఎప్పుడూ ఒకే ల్యాబులో. ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటున్నాను. 6.8, 6.1, 7.0. ఒక్క అంకె చూసి హడలిపోకూడదు, ఎటు పోతోందో చూడాలి.

2. ఏడాదికోసారి డాక్టరు వేలితో పరీక్ష చేస్తారు. సిగ్గు పడొద్దు, నిమిషం పని.

3. మొదటి ముక్క పరీక్ష తర్వాత ఏడాది లోపో, ఆ చుట్టుపక్కలో రెండోది. అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎందుకంటే దాక్కున్నది ఉంటే దీనికే దొరికే అవకాశం ఎక్కువ. అవసరాన్ని బట్టి మధ్యలో ఎమ్మారై.

4. ఒంటేలు ఇబ్బందికి వాడే మాత్రల్లో ఫినాస్టెరైడ్ గాని డ్యుటాస్టెరైడ్ గాని ఉంటే, కొన్ని నెలలు వాడాక పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది. అంకె తగ్గిందని సంబరపడొద్దు. ఏ మాత్ర వాడుతున్నారో డాక్టరుకి చీటీ చూపించండి.

5. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ముందే చెప్పండి. అలాంటివాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మా తమ్ముళ్ళిద్దరికీ నేనే తీసుకెళ్ళి పరీక్ష చేయించాను.

6. ముక్క పరీక్ష పలకలు మళ్ళీ ఇంకో చోట చూపించుకోవడంలో తప్పు లేదు. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ బాబా ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎమ్‌ఎన్‌జే ఉంది. ఆరా ఏడా అన్నదాని మీదే మొత్తం నిర్ణయం ఆధారపడి ఉంది కాబట్టి రెండో కన్ను పడితే మంచిదే.

7. మీకు ఎనభై దాటి, గుండె జబ్బో ఇంకోటో ఉంటే ఇంత తిరుగుడు అక్కర్లేకపోవచ్చు. అప్పుడు బాధ వస్తేనే చూసుకుందాం అంటారు. అది వేరే పద్ధతి, యాభైల్లో అరవైల్లో ఉన్నవాళ్ళకి అది కాదు.

ఖర్చు గురించి అడుగుతున్నారు. ఈ కాపలా పరీక్షలకి నా మటుకు జేబులోంచే పోతోంది. అందుకని దింపు దింపుకీ కొంత తీసి విడిగా పెడుతున్నాను. రేటు బాగున్నా, పడిపోయినా ఆ డబ్బు ముట్టుకోవడం లేదు. ఎరువుకి అప్పు తేవచ్చు, దీనికి వాయిదా వెయ్యకూడదని మా ఆవిడ రూలు.

రాత్రిళ్ళు నిద్ర పడుతుందా అని కూడా ఒకరిద్దరు అడిగారు. మామూలు రోజుల్లో పడుతుంది. పరీక్ష ముందు వారం పట్టదు. ఈ పద్ధతిలో కష్టం అదొక్కటే, అది పోయేది కూడా కాదు. ఆ వారం రోజులూ మా ఆవిడా నేనూ తెల్లారకుండా లేచి తోటలోకి వెళ్ళి మట్టలు ఏరుకుంటాం.

నా రెండో ముక్క పరీక్ష ఆలస్యం కాకూడదని వచ్చే సోమవారానికి రాయించుకున్నాను. ఆరే ఉందో, ఏడు వచ్చిందో రిజల్టు రాగానే ఇక్కడే రాస్తాను. ఏడు వచ్చినా రాస్తాను, దాచను. మీలో రాత్రుళ్ళు పదే పదే లేస్తున్నవాళ్ళు, ఒంటేల్లో రక్తం కనపడ్డవాళ్ళు, కారణం తెలియని నడుం నొప్పితో ఉన్నవాళ్ళు ఈలోపు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. ఇంతకుముందే ఆరు అని చెప్పించుకుని మధ్యలో మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ నెలలోనే వెళ్ళండి. ఒక్కరే వెళ్ళడానికి భయమైతే ఫోను చెయ్యండి, నేనూ వస్తాను.

ఉంటానండి.